99 సెంటీమీటర్లు

జనవరి 4, శనివారం

మళ్ళీ లాడ్జిలో నేనే. నాలుగు సంచులు, మూడు జతల మామూలు బూట్లు, పులిహోర డబ్బా. అందరూ కొండ మీద. నేను కాపలా.

గట్టి బల్ల మీద ఇప్పటికీ ఒక పక్కకి ఒరిగే కూర్చుంటాను. పోయిన ఏడాది స్నోబోర్డు తోకెముకకి పెట్టిన గుర్తు. అంతకు ముందు ఏడాది స్కీలు. నిలబెడితే ఒక్కోటి నా గడ్డం దాకా. "కాళ్ళు పిజ్జా ముక్కలా పెట్టండి" అన్నాడు నేర్పే కుర్రాడు. పెట్టాను. ముక్కులు ఒకదాని మీదొకటి ఎక్కాయి. స్కీ ఆగింది, మోకాలు ఆగలేదు.

మూడింటప్పుడు కిటికీలోంచి ఒకాయన. డెబ్భై దాటి ఉంటాయి. కాళ్ళకి ఏవో పొట్టివి. చేతుల్లో కర్రలు లేవు. చేతులు వెనక్కి కట్టుకుని, బీచ్‌రోడ్డులో సాయంత్రం షికారుకి వచ్చినవాడిలా దిగిపోయాడు.

అవి ఏమిటి? పిల్లల స్కీలా?

పులిహోర మిగల్లేదు. అది ఒక్కటే ఈవాళ్టి విజయం.

జనవరి 5

స్కీబోర్డులట. రాత్రి ఒంటిగంట దాకా అదే పని. ఈయన పక్కకి తిరిగి, "దీపం ఆర్పు" అన్నారు రెండుసార్లు.

మీటరులోపు పొడుగు. స్కీ కన్నా వెడల్పు. రెండు కొసలూ పైకి లేచి ఉంటాయి. ముందుకీ వెనక్కీ ఒకటే. కర్రలు అక్కర్లేదు. స్కీ బూట్లే సరిపోతాయి. 1990ల మొదట్లో ఆస్ట్రియాలో క్నైస్ల్ వాళ్ళు బిగ్‌ఫుట్ అని ఒకటి తెచ్చారట, ముక్కు దగ్గర కాలివేళ్ళ ఆకారంతో. బొమ్మ చూసి నవ్వాను. రాక్షసుడి పాదం. తర్వాత సాలమన్ వాళ్ళ స్నోబ్లేడ్. చాలామందికి ఆ పేరే తెలుసు.

రోలర్ స్కేటింగ్ వచ్చినవాళ్ళకి తొందరగా పట్టుబడుతుందని రాశాడొకడు.

వచ్చినవాళ్ళకి. ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చినవాళ్ళకి కూడానా?

జనవరి 11, శనివారం

ఇసక్వాలో ఒకావిడ గరాజ్. అరవై డాలర్లు. "మా అబ్బాయివి, కాలేజీకి వెళ్ళిపోయాడు" అంది. దుమ్ము, సాలెగూడు, అడుగున పసుపూ నలుపూ పుర్రె బొమ్మ. నా వయసుకి పుర్రె బొమ్మ!

టేపు పెట్టి కొలిచాను. 99 సెంటీమీటర్లు. చిన్నాడి గుండె దాకా వచ్చాయి. వాడి స్కీలే వీటికన్నా పొడుగు. వాడు చూసి ఏమీ అనలేదు. మర్యాదస్తుడు.

పెద్దది అంది. "అమ్మా, సీరియస్‌గానా?"

జనవరి 12

వదినకి ఫోటో పంపాను. న్యూజెర్సీలో రోజూ విరిగిన కాళ్ళే ఆవిడ ఉద్యోగం, ఫిజియో. వెంటనే ఫోను.

"బైండింగ్ ఊడుతుందా?"

ఊడదు. పడ్డా బూటుని వదలదు. ముందు తీగ, వెనక మీట, అంతే.

"మరైతే విను. పొట్టిది కాబట్టి మోకాలిని అంతగా మెలిపెట్టదు, నిజమే. కాని వదలదు కాబట్టి ఆ మెలిక కింద ఎముకకి పోతుంది. మోకాలు మిగుల్తుంది, కాలి ముందెముక పోతుంది. ఏది కావాలో నువ్వే చూసుకో."

కూరగాయల బేరంలా చెప్పింది. ఏది కావాలి?

జనవరి 14, సంక్రాంతి

బయట వాన. ముగ్గు గరాజ్‌లో వేశాను. కారు బయట పెట్టమంటే ఈయన గునిశారు.

ముగ్గు పక్కనే పాత తివాచీ ముక్క పరిచి బూట్లు తొడుక్కున్నాను. బూటు ముక్కు తీగలోకి. మడమ దగ్గర మీట పైకి లాగితే టక్. లీష్ పిక్కకి చుట్టాలి. వీటికి బ్రేకుల్లేవు, జారితే కొండ దిగువకి దానిష్టం. అందుకే ఆ తాడు. గిత్తకి పలుపులా.

అమ్మ వీడియోలో. ఆవిడకి అప్పటికే కనుమ పొద్దు. "ఏటే అది, కాళ్ళకి?" కెమెరా పైకి తిప్పేశాను. అరిసెలు మెత్తగా వచ్చాయని చెప్పాను. అబద్ధం. నెయ్యిలో వెయ్యగానే విరిగిపోయాయి.

ముగ్గు మీదుగా నాలుగడుగులు వేశాను. పిండి అడుక్కి అంటుకుంది. పుర్రెకి బొట్టు పెట్టినట్టు.

జనవరి 18, శనివారం

స్నోక్వాల్మీ, సమ్మిట్ వెస్ట్. ఎగ్జిట్ 52. పొద్దున్న ఏడుకే బయల్దేరినా నార్త్ బెండ్ దగ్గర బండ్ల బారు.

మ్యాజిక్ కార్పెట్ మీద, అదే వాలు ఎక్కించే కదిలే పట్టీ, నాతోపాటు ఆరేళ్ళ పిల్లలు. ఒకమ్మాయి నా కాళ్ళవైపు చూసి, తన కాళ్ళవైపు చూసుకుని, చాలా సంతోషించింది.

మొదటిసారి బోర్లా. రెండోసారి బోర్లా. స్కీ పాఠంలో నూరిపోసింది ఒంట్లో ఉండిపోయింది. ముందెముకని బూటు నాలిక్కి ఆనించు, ముందుకి వంగు. ముందు వంగడానికి ఇక్కడ ముక్కేదీ? పాదం దాటాక జానెడు. వంగితే మొహం మంచులో. సరే అని వెనక్కి వాలాను. కూలబడ్డాను. తోకెముక పాత స్నేహితుణ్ణి గుర్తుపట్టింది.

ఆరోసారో ఏడోసారో. వంగడం మానేసి ఊరికే నిలబడ్డాను. బస్సు కోసం నిలబడ్డట్టు. మోకాళ్ళు కొంచెం వదులుగా. అంతే, జారింది. ఎడమకి బరువు వేస్తే ఎడమకి తిరిగింది. తిప్పాలి అనుకునేలోపే తిరిగిపోయింది. కుడి. ఎడమ. కుడి.

కింద చదునులో ఆగిపోయాను. స్కీలవాళ్ళు కర్రలతో పొడుచుకుంటూ పోతున్నారు. నాకు కర్రల్లేవు. కాలు పక్కకి తోశాను. ఆలోచించలేదు. కాలే తోసింది. రెండోది తోసింది. చేతులు వెనక్కి కట్టుకున్నాయి.

ఆ ఊపు నాకు తెలుసు.

జనవరి 19

లేవలేదు. పిక్కలు కాదు, తొడలు కాదు, అరికాలి లోపల ఎక్కడో నొప్పి. అక్కడ కూడా కండ ఉంటుందా?

ఈయన టీ పెట్టి ఇచ్చారు. చక్కెర ఎక్కువ. తాగాను.

జనవరి 26

కుర్చీ లిఫ్ట్ ఎక్కాను. దిగేటప్పుడు భయపడ్డాను కాని, పొట్టివి కదా, ఎవరి స్కీలకీ తగల్లేదు. పక్కనాయన సాయంగా చెయ్యి చాపాడు. అక్కర్లేకపోయింది. అయినా పట్టుకున్నాను.

లిఫ్ట్ దగ్గర టికెట్ చూసే కుర్రాడు: "ఓ! స్నోబ్లేడ్స్! మా నాన్నకి ఉండేవి."

మా నాన్నకి.

పైన ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. యూటాలో ఆల్టా, డీర్ వేలీ, వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్ స్నోబోర్డుల్ని ఇప్పటికీ రానివ్వవట. స్కీలాయన గర్వంగా చెప్తున్నాడు. బోర్డు కుర్రాడు మంటగా వింటున్నాడు. ఇద్దరూ ఒకేసారి నా కాళ్ళవైపు చూశారు. ఇది ఏ కులమో ఇద్దరికీ అంతుపట్టలేదు. నన్ను వదిలేసి మళ్ళీ కొట్టుకున్నారు.

గ్రీన్ రన్, అంటే అన్నిటికన్నా తేలిక వాలు, నాలుగుసార్లు. రెండుసార్లే పడ్డాను.

ఫిబ్రవరి 2

రాత్రంతా మంచు. పొద్దున్నే మోకాలి లోతు. ఇంటిల్లిపాదికీ పండగ. పెద్దది కారులోనే బూట్లు తొడుక్కుంది.

నేను మునిగాను. నడవడం కాదు, జారడం కాదు, మునగడం. ఈ కొండల మంచు తడిది, బరువు. ఇక్కడివాళ్ళు ముద్దుగా క్యాస్కేడ్ కాంక్రీటు అంటారు. నా పొట్టివి తేలవు. ముక్కు లోపలికి పోతుంది, వెనకాలే నేను. ఒకచోట నడుం దాకా కూరుకుపోయి పది నిమిషాలు తవ్వుకున్నాను. పెద్దది పక్కనించే పోయింది, బోర్డు మీద, పడవలా. వెనక్కి చూసిందా? కళ్ళద్దాలు. తెలియలేదు.

పదకొండుకల్లా లాడ్జి. కాపలా. ఈవాళ నూడుల్స్.

ఎందులోనూ ఇమడనిదాన్ని అరవై డాలర్లు పెట్టి కొన్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

గ్రూమర్ దువ్విన మంచు. గట్టిగా, గీతలు గీతలుగా, కొత్త ఇస్తరాకులా. ఇది నాది. చిన్న మలుపులు, మీటరుకొకటి. స్కీలవాళ్ళు పెద్ద పెద్ద వంపులు తీసుకునే చోట నేను మిషను కుట్టు కుడుతున్నాను.

ధైర్యం వచ్చి బ్లూకి, ఇంకాస్త కష్టమైన వాలుకి, వెళ్ళాను. సగం దాకా బాగానే. వేగం పెరిగేసరికి వణుకు మొదలు. నాకు కాదు, వాటికి. మంచుని పట్టుకునే అంచే తక్కువ కదా. పళ్ళు కొట్టుకుంటున్నట్టు కింద టకటక. ఆపడానికి అడ్డంగా తిప్పాను. ఆగాయి. గుండె ఇంకాస్త ముందుకి పోయి ఆగింది.

లిఫ్ట్ వరసలో పెద్దది తన జట్టుతో. చెయ్యి ఊపాను. దగ్గరికొచ్చి, చాలా మెల్లగా: "అమ్మా, మా ఫ్రెండ్స్ ఉన్నారు. కొంచెం అటు... ప్లీజ్."

అటు వెళ్ళాను.

పదిహేనో ఏడు. నేనూ అమ్మని బజార్లో చూసి పక్క సందులోకి తిరిగాను ఒకసారి. అమ్మ చేతిలో గొడుగు, చింతపండు సంచి. చూసిందో లేదో ఇప్పటికీ అడగలేదు.

ఫిబ్రవరి 12

గరాజ్‌లో వాక్స్. పాత ఇస్త్రీపెట్టె, మైనం ముద్ద. కారిన మైనం పుర్రె కంట్లోంచి కన్నీళ్ళలా. గోకి పారేసే చెక్క లేదు, పాత క్రెడిట్ కార్డుతో గోకాను.

గోకుతూ ఫోనులో పాత వీడియోలు. కుర్రాళ్ళు, బట్టలు ఒంటికి మూడింతలు. 1998లో ఎక్స్ గేమ్స్‌లో దీనికీ పోటీ పెట్టారు. క్రెస్టెడ్ బ్యూట్‌లో. 2000 అయ్యాక ఎత్తేశారు. మూడేళ్ళు, అంతే వైభవం.

జేసన్ లెవింతల్ అని న్యూయార్క్ రాష్ట్రం కుర్రాడు. 1995లో లైన్ అని కంపెనీ పెట్టాడు, మొదట చేసినవి ఇవే. తర్వాత రెండు కొసలూ లేచిన పొడుగు స్కీలు వచ్చాయి. వీటి మీద చేసిన గంతులన్నీ వాటి మీద చెయ్యొచ్చని తేలింది. అందరూ అటు వెళ్ళారు. లైన్ కూడా వెళ్ళింది. వీటిని ఎవరూ ఓడించలేదు. వీటినించి నేర్చుకుని వెళ్ళిపోయారు.

ఈయన తలుపు దగ్గర నిలబడి, "ఇస్త్రీపెట్టె మల్ల బట్టలకు పనికొస్తదా?"

రాదు.

ఫిబ్రవరి 16

మధ్యాహ్నం వాన. కొండ మీద కూడా వానే. వెళ్ళలేదు.

చిన్నాడు అడిగాడు, "అమ్మా, నీకు స్కేటింగ్ ఎవరు నేర్పారు?" వాడికెవరు చెప్పారు? నేనే చెప్పి ఉంటాను. వైజాగ్‌లో, పార్కులో, సిమెంటు రింక్. చుట్టూ ఇనప గొట్టాలు. నోట్లో ఈలతో మాస్టారు. కాళ్ళకి ఇనప స్కేట్లు, తోలు పటకాలు, ముందు రెండు వెనక రెండు చక్రాలు. ఉప్పుగాలికి బేరింగులు పట్టేసేవి, కొబ్బరినూనె వేసేవాళ్ళం. మాస్టారు చూస్తే తిట్టేవారు.

"పోటీలకి వెళ్ళావా?"

ఒకదానికి.

"గెలిచావా?"

వెళ్ళబోయాను, వెళ్ళలేదు. అని చెప్పలేదు. "అన్నం చల్లారిపోతోంది" అన్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

వదిన నోటిమాట.

ఏమంత గొప్ప చోటు కూడా కాదు. గ్రీన్ రన్ చివర, చదును దగ్గర. ఎండకి కరిగి మళ్ళీ గడ్డకట్టిన గాడి. కుడిది అందులో దిగబడింది. నేను ఎడమకి తిరిగాను. అది తిరగలేదు. వదలలేదు. బూటు అంచు దగ్గర ఎముక మెలి తిరగడం తెలిసింది. నొప్పి కాదు ముందు, ఒక తెలియడం. తర్వాత నొప్పి.

స్కీ పాట్రోల్‌వాళ్ళు వచ్చి బండి మీద కట్టారు. తుఫానులో తెచ్చిన చేపల బుట్టలా చుట్టి కిందికి. ఆకాశం మాత్రం బాగుంది. దేవదారు కొమ్మలు, వాటి వెనక నీలం.

ఎక్స్‌రే. విరగలేదు. బెణుకు, వాపు, రెండు మూడు వారాలు. డాక్టరు నా బూటు అంచు గుర్తు కాలి మీద చూసి, ఏ రకం బైండింగ్ అని అడిగాడు. చెప్పాను. తల పైకెత్తకుండా రాసుకున్నాడు.

పెద్దది ఆస్పత్రి దారంతా నా పక్కనే కూర్చుంది. ఏం మాట్లాడలేదు. ఫోను కూడా తియ్యలేదు.

ఫిబ్రవరి 26

అక్కడ శివరాత్రి. ఇక్కడ నాకు జాగారం కాలే చేయిస్తోంది. మంచుగడ్డ సంచి ఇరవై నిమిషాలకోసారి. మంచు నించి వచ్చిన దెబ్బకి మంచే మందు.

నిద్ర రాక రింక్ గుర్తొస్తోంది. పన్నెండో ఏడు. జిల్లా పోటీకి పేరిచ్చారు మాస్టారు. పొట్టి స్కర్టు వెయ్యాలన్నారు. నాన్నమ్మ ఏదో అంది. నాన్న పేపరు దించలేదు. పెద్దదాన్ని అయ్యానా అప్పటికి? ఆ నెలలోనేనా? తర్వాత ఆదివారాలు రింక్ లేదు. స్కేట్లు ఎవరికిచ్చారు? పిన్ని కొడుకుకేనా?

ఎవరూ వద్దు అన్న గుర్తు లేదు. వెళ్ళు అన్న గుర్తూ లేదు.

మూడున్నర. ఇంక రాయను.

మార్చి 2

వాపు తగ్గింది. గుర్తు ఊదా నించి పసుపుకి.

ఊడే బైండింగులు పెట్టించుకోవచ్చట వీటికి కూడా. మధ్యలో రైజర్ అని ఒక దిమ్మె, దాన్ని నాలుగు బోల్టులతో బోర్డుకి, దాని మీద మామూలు స్కీ బైండింగ్. బరువు పెరుగుతుంది, కొంచెం ఎత్తు పెరుగుతుంది. కాని వదుల్తుంది. బ్రేకులూ ఉంటాయి, తాడు అక్కర్లేదు. మొత్తం ఖర్చు 260 డాలర్లు.

ఈయనకి చెప్పాను. ఓరుగల్లు మనిషి, ఆలోచించలేదు. "చారాణా కోడికి బారాణా మసాలా."

నవ్వొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఈయన స్కీలు ఎంతో నాకు తెలుసు. కోడీ మసాలా రెండూ బంగారమే అక్కడ.

రాత్రి పడుకునే ముందు, అటు తిరిగి: "చేయించుకో. కాలు ఒక్కటే కాదు, ఇంట్ల పని నాకే పడుతున్నది."

మార్చి 8, శనివారం

షాపులో బిగించారు. అతనికి ఇవి చేతిలోకి రావడం చాలా ఏళ్ళ తర్వాతట. రెండుసార్లు తిప్పి చూశాడు. పుర్రెకి నమస్కారం పెట్టినంత పని చేశాడు.

వయసు, ఎత్తు, బరువు, బూటు అడుగు పొడుగు, ఎలా జారుతారు... అన్నీ అడిగి డిన్ నంబరు పెడతాడు. ఎంత మెలికకి వదలాలో ఆ అంకె. బరువు చెప్పేటప్పుడు ఆరు పౌండ్లు తగ్గించబోయాను. "కరెక్టుగా చెప్పండి, లేకపోతే ఊరికే ఊడిపోతుంది" అన్నాడు. చెప్పేశాను. ఈయన పక్కనే ఉన్నారు. ఏ మొహమూ పెట్టలేదు. పదిహేడేళ్ళ కాపురం.

మార్చి 15, శనివారం

మూడు వారాల తర్వాత.

మొదటి మూడుసార్లు కాలు నమ్మలేదు. ప్రతి గాడి దగ్గరా బిగుసుకుపోవడం. నాలుగోసారి కావాలనే పడ్డాను. వదిలింది. టక్‌మని. నా పక్కనే పడి, బ్రేకు దించుకుని, బుద్ధిగా ఆగింది. మంచులో కూర్చుని దాన్నే చూశాను కాసేపు.

ఎత్తు పెరిగినందుకు తేడా ఉంది. కొంచెం ఆలస్యంగా తిరుగుతాయి. బరువు కూడా. వదిన సంతోషిస్తుంది.

తర్వాత కింద, చదును దగ్గర, జనం తక్కువ. మెల్లగా వెళ్తున్నాను. భుజం తిప్పాను. ఎందుకు తిప్పానో తెలియదు. నడుం తిరిగింది, కాళ్ళు తిరిగాయి, కొండ నా ఎదురుగా వచ్చింది. వెనక్కి వెళ్తున్నాను. పడలేదు. మడమలు లోపలికి, బయటికి. నిమ్మకాయ ఆకారం. మాస్టారు సుద్దముక్కతో రింక్ మీద గీసేవారు, నిమ్మకాయలు, ఒకదాని వెనక ఒకటి.

ఎనిమిది నిమ్మకాయలు. లెక్కపెట్టాను.

కంచె దగ్గర పెద్దది. ఎప్పణ్ణించి ఉందో.

"అది ఎవరు నేర్పారు?"

"చిన్నప్పుడు."

"నాకు స్విచ్ రాదు ఇంకా." వెనక్కి వెళ్ళడాన్ని వాళ్ళు అలా అంటారు. బోర్డు విప్పి, చంకలో పెట్టుకుని, "ఇంకోసారి" అంది.

చేశాను. ఐదో నిమ్మకాయ దగ్గర పడ్డాను.

మార్చి 16

అమ్మతో గంట. ఈసారి కెమెరా తిప్పలేదు. బోర్డులు చూపించాను, కాలు కూడా చూపించాను. తిట్టింది. తర్వాత బోర్డులు మళ్ళీ చూపించమంది.

అడిగేశాను. "అప్పుడు స్కేటింగ్ ఎందుకు మాన్పించారమ్మా?"

"మేమా? నువ్వే మానేశావు. పోటీ రోజు పొద్దున్న కడుపునొప్పి అని పడుకున్నావు. మాస్టారు ఇంటికొచ్చారు కూడాను. నాన్నమ్మ స్కర్టు కిందకి పైజమా కుట్టి ఉంచింది. నాకు బాగా గుర్తు."

పైజమా?

"తెల్లది. నువ్వు దాన్ని చూసి ఏడ్చావు."

ఫోను పెట్టేశాక బంగాళదుంపలు తరుగుతూ నిలబడ్డాను. తెల్ల పైజమా. నాకెందుకు గుర్తు లేదు? అమ్మ కల్పించిందా? ఆవిడకి కల్పించడం రాదు.

కడుపునొప్పి నిజంగా వచ్చిందా?

మార్చి 22

వాన. వాన. లిఫ్టులు తిరుగుతున్నాయట కాని మనసు రాలేదు. పెద్దది వెళ్ళింది స్నేహితులతో. సాయంత్రం వచ్చి తడి గ్లవ్స్ హీటర్ మీద పడేసి: "అక్కడొకతను నీ లాంటివి వేసుకున్నాడు. ముసలాయన. చేతులు ఇలా వెనక్కి పెట్టుకుని."

"కర్రలు లేకుండా?"

"లేకుండా. నేను మా అమ్మకి కూడా ఉన్నాయని చెప్పాను."

ఏమన్నాడు అని అడగలేదు. తనే చెప్తుందని చూశాను. ఫ్రిజ్ తీసి పెరుగు వెతుక్కుంటోంది.

మార్చి 29, శనివారం

ఉగాది. అమ్మకి రేపు, ఇక్కడ ఈవాళే. తెల్లవారుజామునే అమావాస్య దాటిపోయిందట. పొద్దున్న పచ్చడి, గుడి. వేపపువ్వు దొరక్క ఎండుది వేశాను, పోయిన ఏడాదిది. పన్నెండింటికి కారెక్కాం. పట్టుచీర వెనక సీట్లో మడిచి.

మంచు అడుగున నీళ్ళు. ఎండలో ఉప్పు గల్లలా గరగర. పొడుగు స్కీలవాళ్ళు తిట్టుకుంటున్నారు. నాకు బాగానే ఉంది. మెత్తగా, నిదానంగా, ఎక్కడ ఆపితే అక్కడ. లోతు మంచులో పనికిరావు, వేగంలో పనికిరావు. ఇందులో పనికొచ్చాయి. చివరి వారం, కరిగే మంచు, గ్రీన్ రన్. అదీ వీటి రాజ్యం, ఉన్నంతలో.

ఈయన ఒకసారి ఇమ్మన్నారు. బూటు పొడుగు సరిపోదు, బైండింగ్ నా కొలతకి ఉంది. ఇవ్వలేదు. కుదరదని చెప్పడం ఎంత హాయి!

పదకొండుసార్లు దిగాను. వెనక్కి మూడుసార్లు. పెద్దది స్విచ్‌లో ఒకసారి సగం దాకా వెళ్ళింది, పడింది, నన్ను చూసి "చూడకు" అంది. చూడలేదు.

రాత్రి గరాజ్‌లో తుడిచాను. ఎడమదాని అంచు మీద తుప్పు, వేలంత. మైనం పూసి, పాత చున్నీ చుట్టి, బియ్యం సంచుల వెనక నిలబెట్టాను. బయటికి కనిపించడం లేదు.